38 వేలు కట్టిన మెడికల్ గైడెన్స్ సెంటర్: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

హన్మకొండలో నయీంనగర్ వైపు వెళ్తే ప్రతి రెండో బిల్డింగుకూ తెల్లకోటు వేసుకున్న పిల్లల ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. అలాంటి ఒక బిల్డింగులో మొదటి అంతస్తులో ఉండే మెడికల్ అడ్మిషన్ గైడెన్స్ సెంటర్‌లో మా చెల్లెను 2024 ఆగస్టులో చేర్పించాం. 2025 సెప్టెంబర్ దాకా వాళ్లతో మాకు పని పడింది, రెండు విడతల్లో 38 వేలు కట్టాం. సెంటర్ పేరు రాయడం లేదు. ఇదే ప్యాకేజీని ఇవే మాటలతో అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, పేరు కంటే వాళ్లు అమ్మేది ఏంటో తెలియడం ముఖ్యం. ఐదు స్టార్లకు నేను రెండు ఇస్తున్నా, ఆ రెండూ అక్కడ కౌన్సెలింగ్ పని చూసే ఒక మేడం కోసం. మిగతా మూడు ఎందుకు పోయాయో వివరంగా రాస్తా, ఎందుకంటే వచ్చే జూన్‌లో నర్సంపేట నుంచి, పరకాల నుంచి, భూపాలపల్లి నుంచి మాలాంటి వాళ్లు మళ్లీ అవే మెట్లు ఎక్కుతారు.

ముందు మా సంగతి. బాపుది నర్సంపేటలో టైలరింగ్ షాపు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తా. చెల్లెకు పదో తరగతిలో 10 జీపీఏ, ఇంటర్ బైపీసీలో 1000కి 942. 2024 నీట్‌లో, అంటే మెడికల్ ప్రవేశ పరీక్షలో, 720కి 421 వచ్చాయి. ఆ ఏడాది మార్కుల వరద అందరికీ గుర్తుండే ఉంటుంది, మొదట 67 మందికి 720కి 720 అన్నారు, తర్వాత సవరించి 17 మంది అన్నారు, ఆ వరదలో 421కి కన్వీనర్ కోటాలో, అంటే తక్కువ ఫీజు ఉండే సీట్లలో, ఎక్కడా సీటు వచ్చేలా లేదు. చెల్లె రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు పొద్దున తనే లేచి "అక్కా, లాంగ్ టర్మ్ పోత" అంది.

లాంగ్ టర్మ్ అంటే ఏడాది పాటు మళ్లీ నీట్‌కు చదివించే కోచింగ్, అది వేరే చోట, దాని గురించి ఇక్కడ రాయను. ఆ కోచింగ్ గేటు దగ్గర ఈ సెంటర్ వాళ్లు కరపత్రాలు పంచుతుంటే బాపు ఒకటి ఇంటికి తెచ్చాడు. "మార్కులు ఒక్కటే సరిపోవు, ప్రొఫైల్ ఉండాలి" అని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. కింద ఒక పట్టిక. జీపీఏ 3.7 పైన, వాలంటీర్ పని 150 గంటలు, డాక్టర్ వెంట ఉండి పని చూసే షాడోయింగ్ 50 గంటలు, రీసెర్చ్ ఒకటి, లీడర్‌షిప్ ఒకటి. బాపు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి నన్ను అడిగాడు, "బిడ్డా, చెల్లెకు పది వచ్చె గదా, వీళ్లు మూడు పాయింట్ ఏడు చాలంటున్నరు, ఇదేం లెక్క?" ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే దాన్ని పట్టుకుని కూర్చుంటే మా పైసలు మిగిలేవి. ఆ 3.7 అమెరికా లెక్క, అక్కడ కాలేజీలో జీపీఏ 4కి వేస్తారు. పట్టిక మొత్తం అక్కడి నుంచి ఎత్తి తెలుగులో అచ్చు వేసిందే.

సెంటర్ నడిపే సార్ బాగా మాట్లాడతాడు, అది ఒప్పుకోవాలి. ఏసీ గది, గోడ మీద కాకతీయ మెడికల్ కాలేజీ ఫొటో, బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె. "నీట్‌లో పది మార్కులు అటూ ఇటూ అయినా ప్రొఫైల్ బలంగా ఉంటే లాగుతుంది" అన్నాడు. 421 దెబ్బ తిని ఉన్న ఇంటికి ఆ మాట ఎంత తియ్యగా వినపడుతుందో ఆలోచించండి. ఆ రోజే 20 వేలు కట్టేశాం, మిగతా 18 కౌన్సెలింగ్ ముందు కట్టాలన్నారు.

ఇప్పుడు అసలు విషయం, సెంటర్లో ఎవరూ మాకు సూటిగా చెప్పనిది. తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు పనికొచ్చే కొలత నీట్ ర్యాంకు, అంతే. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మన వరంగల్‌లోనే ఉంది, ప్రభుత్వ కాలేజీల్లో రాష్ట్రం వాటా 85 శాతం సీట్లకు వాళ్లే మెరిట్ లిస్టు వేస్తారు, మిగతా 15 శాతం ఆల్ ఇండియా కోటా ఢిల్లీలోని కౌన్సెలింగ్ కమిటీది. ఏ లిస్టులోనూ వ్యాసాలకు మార్కులు లేవు, ఇంటర్వ్యూ లేదు, "లీడర్‌షిప్" అనే గడే లేదు. ఇంటర్ మార్కులకు కూడా వెయిటేజీ లేదు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉంటే అర్హత వచ్చినట్టే, ఆ పైన మీకు 600 వచ్చినా 990 వచ్చినా మెరిట్ లిస్టులో మీ చోటు మారదు. మా చెల్లె 942 కూడా అంతే, అర్హత దాటించి పక్కకు జరిగింది. ఎన్‌సీసీ వాళ్లకు, సైనికుల పిల్లలకు చిన్న చిన్న కోటాలు ఉన్నాయి, కానీ అవి ఏళ్ల తరబడి క్యాంపులు చేసి సర్టిఫికెట్ పరీక్ష రాసిన పిల్లలకు, ఇంట్లో నిజంగా సైనికుడు ఉన్న పిల్లలకు. లాంగ్ టర్మ్‌లో ఉండగా ఆదివారాలు కూర్చుంటే వచ్చేవి కావు.

ఇక్కడ ఆదివారాల గురించి చెప్పాలి, నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే. ప్యాకేజీలో భాగంగా ప్రతి ఆదివారం పొద్దున 10 నుంచి ఒంటిగంట దాకా సెంటర్లో "పర్సనాలిటీ, ఎస్సే" క్లాసు. లాంగ్ టర్మ్ పిల్లకు ఆదివారం అంటే ఏంటో తెలిసినవాళ్లకు తెలుసు. వారంలో రాసిన గ్రాండ్ టెస్టు పేపర్ ముందేసుకుని, ఏ ప్రశ్న ఎందుకు తప్పయిందో చూసుకునే ఒకే ఒక్క పూట అది. నీట్‌లో 180 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1, అంటే ఒక్క తప్పు ఒప్పయితే 5 మార్కులు లేస్తాయి. 2025 నుంచి ఐచ్ఛిక ప్రశ్నలు తీసేసి, 180 ప్రశ్నలకు సరిగ్గా 180 నిమిషాలు ఇస్తున్నారు. చెల్లె ఆ మూడు గంటలు "నేనెందుకు డాక్టర్ కావాలనుకుంటున్నాను" అని ఇంగ్లిష్‌లో వ్యాసం రాస్తూ కూర్చుంది, నాలుగు సార్లు దిద్దించారు, ఐదోసారి అందరి వ్యాసాలూ ఒకేలా తయారయ్యాయి. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా లెక్కేస్తే దాదాపు 20 ఆదివారాలు. తిరిగి రానివి అవే.

డిసెంబర్‌లో హెల్త్ క్యాంప్ అన్నారు. హసన్‌పర్తి అవతల ఒక ఊరు. నేనూ వెళ్లా, ఆడపిల్లలు ఉన్నారు, తోడు ఎవరైనా వస్తే మంచిదని. బడి ఆవరణలో షామియానా, వెనక సెంటర్ ఫ్లెక్సీ, పద్దెనిమిది మంది పిల్లలకు తెల్లకోట్లు అద్దెకు తెచ్చి వేశారు, మడతలు ఇంకా పోలేదు. డాక్టర్ వస్తున్నాడు, దారిలో ఉన్నాడు అని రెండు గంటలు చెప్పారు. ఈలోగా ఫొటోగ్రాఫర్ పిల్లలను ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఊరి ముసలమ్మను కూర్చోబెట్టి, బీపీ మిషన్ పట్టీ చేతికి చుట్టించి ఫొటో తీశాడు. చెల్లె వంతు వచ్చింది. ముసలమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని "బిడ్డా, రాత్రంత ఇగ నిద్ర లేదు, లేస్తే కూసోరాదు, కూసుంటే లేవరాదు, ఏమన్న గోలి ఇస్తవా?" అని అడిగింది. చెల్లె నా వైపు చూసింది. ఫొటోగ్రాఫర్ "నవ్వమ్మా" అన్నాడు. డాక్టర్ రానే లేదు. ఒంటిగంటన్నరకు షామియానా విప్పేశారు, వచ్చిన వాళ్లకు అరటిపండు, బిస్కెట్ పొట్లం ఇచ్చారు. ఆటోలో తిరిగి వస్తుంటే చెల్లె ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం "ఆమె నిజంగానే గోలి ఇస్తమనుకున్నది అక్కా" అంది. వారం తర్వాత బంగారు అంచు ఉన్న సర్టిఫికెట్ వచ్చింది, "గ్రామీణ ఆరోగ్య సేవలో 40 గంటలు" అని. మేం అక్కడ ఉన్నది నాలుగు గంటలు.

ఆ సర్టిఫికెట్ చూశాకే నేను డల్లాస్‌కు ఫోన్ చేశా. మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఉంటాడు, వాళ్ల అమ్మాయి అక్కడ మెడికల్ స్కూలుకు అప్లై చేసే పనిలో ఉంది. వాట్సాప్ కాల్‌లో గంటసేపు ఓపిగ్గా చెప్పింది. అక్కడ పద్ధతే వేరు, ముందు నాలుగేళ్ల డిగ్రీ చేస్తారు, ఆ తర్వాతే మెడిసిన్. డిగ్రీ జీపీఏ 4కి లెక్క. ఎంక్యాట్ అని ఒక పరీక్ష, 472 నుంచి 528 దాకా స్కోరు, మధ్య గీత 500. సీటు వచ్చిన వాళ్ల సగటు జీపీఏ 3.7 పైన, ఎంక్యాట్ 511 చుట్టూ ఉంటుందట, అప్లై చేసిన వాళ్లలో సగం మందికి కూడా సీటు రాదు. అంతంత మంచి మార్కులు అందరికీ ఉంటాయి కాబట్టే అక్కడ మిగతావి చూస్తారు. దరఖాస్తులో చేసిన పనులు రాయడానికి 15 గడులు, ఒక్కోదానికి 700 అక్షరాలు మాత్రమే, అందులో మూడింటిని మాత్రం మనసుకు బాగా దగ్గరైనవని ఎంచుకుని ఇంకొంచెం రాయొచ్చు. దాని తర్వాత ప్రొఫెసర్ల ఉత్తరాలు, ఒక్కో కాలేజీ అడిగే వ్యాసాలు, ఇంటర్వ్యూ.

"నువ్వేం చేశావ్ తల్లీ?" అని అడిగా. శనివారాలు ఒక హాస్పిస్‌లో, అంటే ఇక బాగవని తెలిసిన రోగులు ఉండే చోట, రెండేళ్లుగా వెళ్తుందట. మందులు ఇవ్వదు, పక్కన కూర్చుంటుంది, నీళ్లు తాగిస్తుంది, వాళ్లకు పేపర్ చదివి పెడుతుంది. ఇంకొక చోట ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్ చెప్పేది టైప్ చేసే ఉద్యోగం. మా సెంటర్ పట్టిక ఫొటో పంపితే చూసి, "అత్తా, ఈ గంటలు ఎవరైనా రాసుకోవచ్చు, కానీ ఇంటర్వ్యూలో ఆ పని గురించే అడుగుతారు, రోగి పేరు చెప్పకుండా ఒక రోజు ఏం జరిగిందో చెప్పమంటారు, అక్కడ దొరికిపోతారు" అంది. అంటే ఆ పట్టికలోని అంకెలు పుట్టిన చోట కూడా అద్దె కోటు ఫొటోతో పని జరగదు. ఇంకోటి చెప్పింది, గ్రీన్ కార్డు లేని బయటి దేశం పిల్లలను తీసుకునే మెడికల్ స్కూళ్లు అక్కడ చాలా తక్కువ. కాబట్టి నర్సంపేటలో చదివి ఎంబీబీఎస్ కోసం నీట్ రాసే పిల్లకు ఈ పట్టిక దేనికీ పనికిరాదు, కనీసం "రేపు అమెరికా పోయినప్పుడు" అనే సాకుకు కూడా.

మర్నాడే సెంటర్‌కు వెళ్లి ఆదివారం క్లాసులకు చెల్లె రాదని చెప్పేశా. సార్ ముఖం మాడ్చుకున్నాడు, "మీ ఇష్టం, తర్వాత మమ్మల్ని అనొద్దు" అన్నాడు. కట్టిన 20 వేలు తిరిగి రావని తెలుసు. జనవరి నుంచి ఆదివారాలు మళ్లీ చెల్లెవే. రఫ్ నోట్‌బుక్‌లో ఎడమ పక్క తప్పు చేసిన ప్రశ్న, కుడి పక్క ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం. బయాలజీ 90 ప్రశ్నలు, అంటే 360 మార్కులు, సగం పేపర్. మార్కులు సమానమైతే ర్యాంకు తేల్చేటప్పుడు కూడా ముందు బయాలజీనే చూస్తారు. చెల్లె తప్పులన్నీ చూస్తే సగం పైన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రాసినవి, ఇంటర్లో తెలుగు అకాడమీ పుస్తకం మీదే ఉండటంతో వాటిని ఎప్పుడూ చదవలేదు. స్టేట్ బోర్డు పిల్లలు ఉన్న ఇళ్లకు ఇది గట్టిగా చెప్తున్నా, ఆ బొమ్మల కింది వాక్యాలు చదివించండి.

2025 మే 4న పరీక్ష. ఫిజిక్స్ చాలా కష్టంగా ఇచ్చారు, చెల్లె హాల్లోంచి ఏడుస్తూ వచ్చింది. జూన్ 14న ఫలితాలు, 462. బాపు "421 నుంచి 462, నలభై ఒక్కటే పెరిగినయా" అని దిగాలుపడ్డాడు. కానీ ఆ ఏడాది దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన అబ్బాయికే 686, కింద అందరివీ అలాగే తగ్గాయి, చెల్లె ర్యాంకు లక్షల్లో ముందుకు జరిగింది. పోయిన ఏడాది మార్కులతో ఈ ఏడాది మార్కులు పోల్చి పిల్లలను తిట్టకండి, ర్యాంకు చూడండి. ఆ మధ్యాహ్నం సెంటర్ సార్ ఫోన్ చేసి "462కి గవర్నమెంట్ సీటు కష్టం, బీ కేటగిరీలో మేం చూస్తం" అన్నాడు. అప్పుడు ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుకు ఏడాదికి 60 వేలు ఫీజు, బీ కేటగిరీ అంటే మేనేజ్‌మెంట్ కోటా, ఏడాదికి 11 లక్షల పైన. బాపు ఆ రాత్రి నర్సంపేటలో ఉన్న ఇంటి జాగా కాగితాలు బయటకు తీసి కూర్చున్నాడు. ఆ దృశ్యం నేను మరిచిపోను. బీ కేటగిరీ సీట్లు కూడా కాళోజీ యూనివర్సిటీనే నీట్ ర్యాంకు ప్రకారం వెబ్ ఆప్షన్లతో, అంటే పిల్లలు ఆన్‌లైన్‌లో పెట్టే కాలేజీల వరసతో, నింపుతుంది, మధ్యలో ఎవరూ "చూసేది" ఏమీ ఉండదు. ఇది తెలియని ఇంట్లో ఆ ఒక్క ఫోన్ కాల్‌కు జాగా అమ్ముడుపోతుంది.

ఇక్కడి నుంచి మేడం కథ, రెండు స్టార్లు ఇక్కడే. ఆమె సెంటర్లో ఆ మూల చిన్న గదిలో ఉంటుంది, ఏసీ లేదు, బల్ల మీద పాత ఏళ్ల సీట్ అలాట్‌మెంట్ ప్రింట్లు కట్టలుగా. నేను 18 వేలు కట్టనని పోట్లాడటానికి వెళ్తే, ఆమె బయటకు పిలిచి మెల్లగా "అమ్మా, చెల్లె కాగితాలు తీసుకురా, ముందు అవి చూద్దాం" అంది. ర్యాంకు కార్డు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఇంటర్ రెండేళ్లవి. ఒక్కో కాగితాన్ని పదో తరగతి మెమో పక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం కలిపి చూసింది. కులం సర్టిఫికెట్లో బాపు ఇంటిపేరులో ఒక అక్షరం తేడా, ఎనిమిదో తరగతి స్టడీ సర్టిఫికెట్లో సంవత్సరమే రాయలేదు, ఆ స్కూలు మూతపడి మూడేళ్లయింది. దాని రికార్డులు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి మండల విద్యాధికారి ఆఫీసుకు నాలుగు సార్లు తిరిగాం. ఆమె ఆ రోజు చూడకపోతే ఆన్‌లైన్ వెరిఫికేషన్ చివరి రోజున మాకు తెలిసేది. ఒక్క తప్పు కాగితం ఒక ఏడాది చదువును ఆపేయగలదు, బంగారు అంచు సర్టిఫికెట్లు పది ఉన్నా దాన్ని కాపాడలేవు.

మొదట ఆమె అడిగిన ప్రశ్న "తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివిందా?" అని. చెల్లె తొమ్మిది, పది నర్సంపేటలో, ఇంటర్ హన్మకొండలో, కాబట్టి ఇబ్బంది లేదు. మా పక్కింటి పిల్లాడి పరిస్థితి అట్లా కాదు. పుట్టింది, పెరిగింది ఇక్కడే, ఇంటర్ మాత్రం మంచి కాలేజీ అని విజయవాడలో చదివించారు. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం రాష్ట్రం కోటాకు లోకల్ కావాలంటే వరసగా ఆ నాలుగేళ్లు ఇక్కడ చదివి, ఇంటర్ ఇక్కడే పాసవ్వాలి. కేసులు హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్లాయి, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రాష్ట్రం పెట్టిన నిబంధననే సమర్థించింది. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి, ఆ పిల్లాడికి ఏదీ వర్తించలేదు. వరంగల్ చుట్టుపక్కల ఇంటర్‌కు విజయవాడ, రాజస్థాన్‌లోని కోటా పంపే అలవాటు ఎప్పటినుంచో ఉంది కదా, ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు ఉన్న తల్లిదండ్రులు దయచేసి దీన్ని ఇంకోసారి చదవండి. మెడిసిన్ అనుకుంటే ప్రొఫైల్ తయారీ అంటూ ఏదైనా ఉందంటే అది ఇదే, పిల్ల తొమ్మిదిలో ఎక్కడ చేరుతుందో అది.

సెప్టెంబర్‌లో వెబ్ ఆప్షన్లు. సెంటర్లో కంప్యూటర్ దగ్గర ఉండే అబ్బాయి మేం వెళ్లేసరికే చెల్లె ఆప్షన్లు కొట్టేసి ఉంచాడు. "వచ్చే చాన్స్ ఎక్కువున్నది పైన పెట్టిన" అన్నాడు. పైన నర్సంపేట మెడికల్ కాలేజీ, కింద ఎక్కడో కాకతీయ. మేడం చూసి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది, ఒక తెల్లకాగితం తీసింది. చెల్లెను పక్కన కూర్చోబెట్టి "నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ నీ లిస్టును పై నుంచి కిందికి చూస్తది, మొదట ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగిపోతది, కిందికి పోదు. రాదు అనుకున్నది పైన పెడితే నీకు నష్టం ఏమీ లేదు, ఇష్టం లేనిది పైన పెడితే మాత్రం నష్టం" అంది. ఆ మాట కోసమైతే నేను ఎన్ని వేలైనా ఇస్తా. ఇంకోటి కూడా చెప్పింది, తర్వాతి రౌండ్లో పై ఆప్షన్ తగిలితే చేతిలో ఉన్న పాత సీటు తనంతట తనే పోతుంది, మళ్లీ కావాలన్నా దొరకదు, అందుకని నిజంగా మారాలనుకునే కాలేజీలే పైన ఉంచాలి.

కాగితం మీద చెల్లె చేతే వరస రాయించింది. కాకతీయ, గాంధీ, ఉస్మానియా రాదని తెలిసినా పైన. ఎంజీఎం ఆస్పత్రిలో మా నాయనమ్మను నెల రోజులు ఉంచినప్పుడు చెల్లె దగ్గర ఉండి చూసింది, అప్పటినుంచి తనకు కాకతీయ అంటే ప్రాణం. ఆ తర్వాత పేచీ మహబూబాబాద్‌కూ నర్సంపేటకూ. బాపుకు నర్సంపేట కావాలి, ఇంట్లోంచి పోయి రావచ్చని, హాస్టల్ ఖర్చు ఉండదని. మేడం బాపును కుర్చీలో కూర్చోబెట్టి "అన్నా, మహబూబాబాద్ కాలేజీ 2022లో మొదలైంది, సీనియర్ బ్యాచులు ఉన్నయి, పిల్లకు నోట్స్ అయినా సలహా అయినా అడగడానికి మనుషులు ఉంటరు. నర్సంపేటది 2024ది, అది కూడా నిలదొక్కుకుంటది, కానీ ఇప్పుడు చేరేది మీ పిల్ల" అని చెప్పింది, తేల్చమని ఒత్తిడి చేయలేదు. బాపు కాసేపు కిటికీ బయటకు చూసి "ఆమె ఇష్టం" అన్నాడు. చెల్లె మహబూబాబాద్ పైన రాసింది. ఆ కాగితం చూసుకుంటూ నేనే ఇంట్లో ఫోన్‌లో కాదు, స్కూల్ కంప్యూటర్లో కూర్చుని ఆప్షన్లు మార్చి, రెండుసార్లు చదివి ఫ్రీజ్ చేశా.

మొదటి విడతలోనే మహబూబాబాద్ వచ్చింది. ప్రభుత్వ కాలేజీ, ఏడాదికి ట్యూషన్ ఫీజు 10 వేలు. జాగా కాగితాలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి.

చివరికి 18 వేలు ఎందుకు కట్టారు అని అడుగుతారేమో. మేడం జీతం అందులోంచే వస్తుందని తెలిసి కట్టాం. 20 వేలు మాత్రం వెనక్కి అడిగా, రాతపూర్వకంగా. రెండు ఉత్తరాలకు జవాబు లేదు, మూడోసారి వెళ్తే "సేవలు అందించాం, సర్టిఫికెట్లు ఇచ్చాం" అన్నారు. మూడో ఉత్తరం కూడా రాస్తా. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట ఇది. కాగితాల పరిశీలన, ఆప్షన్ల సలహా వరకు విడిగా ఎంత తీసుకుంటారో అడగండి, ఆ పని ఎవరు చేస్తారో మనిషిని చూపించమనండి, ప్రొఫైల్ అనే మాట వస్తే లేచి వచ్చేయండి. కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్లో నోటిఫికేషన్, ప్రాస్పెక్టస్ ఉచితంగా ఉంటాయి, గత ఏళ్ల అలాట్‌మెంట్ పీడీఎఫ్‌లు దొరుకుతాయి, ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో రెండు సాయంత్రాలు కూర్చుంటే మీరే గీసుకోవచ్చు. మేడం చేసేది కూడా వాటితోనే, ఆమెకు అనుభవం ఉంది, ఓపిక ఉంది.

చెల్లె ఫోన్ నిన్న రాత్రి వచ్చింది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే ఒక్కో విద్యార్థికి ఊళ్లో కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు, తర్వాతి ఏళ్లలో కూడా వాళ్ల ఆరోగ్యం కనుక్కుంటూ ఉండాలి, అది సిలబస్‌లోనే ఉంది. తనకు వచ్చిన ఇళ్లలో ఒకదాంట్లో ఒక అవ్వ ఉందట, మోకాళ్ల నొప్పులు. "గోలి అడిగిందా?" అన్నా. "అడిగింది అక్కా. నాకు ఇంకా తెల్వదు అవ్వా, సార్‌ను అడిగి వచ్చే వారం మళ్ల వస్త అన్న. నోట్‌బుక్‌ల రాసుకున్న" అంది.